ఆటుపోట్ల నడుమ అరోమాంష్

ఫ్రాన్సు దేశపు ఉత్తర తీరంలో, ఇంగ్లీషు ఛానెల్ ఒడ్డున, నార్మండీ అనే ప్రాంతం ఉంది. అక్కడ రెండు కొండల నడుమ పల్లంలో ఒదిగి ఉన్న చిన్న పట్టణం అరోమాంష్. పట్టణమని పేరే గాని జనాభా సుమారు ఐదు వందలు. మన లెక్క ప్రకారం అది ఒక కుగ్రామం. ఒక చర్చి, సముద్రానికి ఎదురుగా ఒక వరుస మేడలు, కొన్ని భోజనశాలలు, నాలుగైదు వీధులు. అరగంటలో ఊరంతా చుట్టి రావచ్చు. అయితే ఊరి పక్కనున్న కొండ ఎక్కి సముద్రం వైపు చూచినవారికి ఒక వింత దృశ్యం కనబడుతుంది. తీరానికి కిలోమీటరుకు పైగా దూరంలో నల్లని పెద్ద దిమ్మెలు, విల్లులాగా వంగిన వరుసలో, నీటి మధ్య నిలిచి ఉంటాయి. కొన్ని నిటారుగా ఉన్నాయి. కొన్ని ఒరిగాయి. కొన్నిటికి నడుము విరిగింది. మొదటిసారి చూచినవారు వాటిని సముద్రంలోని గుట్టలనో, మునిగిన ఓడలనో భ్రమపడతారు. ఆటు సమయంలో నీరు వెనుకకు తగ్గినప్పుడు ఒడ్డుకు దగ్గరలో మరికొన్ని బయటపడతాయి. ఇసుకలో సగం కూరుకొని, ఒళ్ళంతా నాచు పట్టిన ఆ ఆకారాలు దూరం నుండి పడుకొన్న గేదెల మందవలె కనిపిస్తాయి.

అవన్నీ ఒక ఓడరేవు శిథిలాలు. ఆ రేవును ముక్కలు ముక్కలుగా ఇంగ్లండులో తయారు చేసి, సముద్రం మీదుగా లాగుకొని వచ్చి, 1944 జూన్ నెలలో ఇక్కడ నిలిపారు. కొద్ది నెలలు నిలిస్తే చాలునని కట్టిన ఆ కట్టడం ఎనిమిది దశాబ్దాలు గడచినా పూర్తిగా రూపుమాయలేదు. దానిని కట్టినవారిలో, దాని మీద నడచినవారిలో చాలమంది నేడు లేరు.

యుద్ధానికి పూర్వం ఈ ఊరికి వేరొక కారణంగా పేరుండేది. దీని పూర్తి పేరు అరోమాంష్ లే బేఁ. చివరి మాటకు స్నానాలని అర్థం. పందొమ్మిదవ శతాబ్దంలో సముద్రస్నానం ఆరోగ్యానికి మేలు చేస్తుందని యూరపు వైద్యులు చెప్పసాగారు. రైలు మార్గాలు వచ్చి తీరాన్ని నగరాలకు దగ్గర చేశాయి. దానితో నార్మండీ తీరంలోని బెస్తపల్లెలు ఒక్కొక్కటిగా విహారస్థలాలుగా మారాయి. మనవారు పర్వదినాలలో పుణ్యం కోసం సముద్రస్నానం చేస్తారు. వారు వేసవి సెలవులలో ఆరోగ్యం కోసం, ఉల్లాసం కోసం చేసేవారు. సముద్రం ఒడ్డున అందమైన మేడలు లేచాయి. ఊరివారికి చేపలు పట్టడంతో పాటు అతిథులను ఆదరించడం కూడ ఒక జీవనోపాధి అయింది. చరిత్ర పుటలలో చోటు సంపాదించుకోవాలన్న కోరిక ఆ ఊరికి ఎన్నడూ ఉన్నట్లు లేదు.

1940 జూన్ నెలలో హిట్లరు సైన్యాల ధాటికి ఫ్రాన్సు లొంగిపోయింది. జూన్ 22న యుద్ధవిరమణ ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం అట్లాంటిక్, ఛానెల్ తీరాలన్నీ జర్మనీ ఆక్రమణలోకి వెళ్ళాయి. నాలుగు సంవత్సరాల పాటు నార్మండీ ప్రజలు పరాయి సైనికుల పాలనలో బ్రతికారు. గడియారాలు సైతం జర్మనీ కాలమానానికి మార్చవలసి వచ్చింది. రొట్టె, మాంసం, వెన్న అన్నీ రేషను మీదనే దొరికేవి. పాడికి ప్రసిద్ధి చెందిన నార్మండీలో వెన్నకు కరువు రావడం కంటె విడ్డూరమేమున్నది? 1943 ఫిబ్రవరిలో వచ్చిన శాసనం ప్రకారం యువకులను నిర్బంధంగా జర్మనీలోని కర్మాగారాలకు పంపసాగారు. ఇష్టంలేని వారు పొలాలలో, అడవులలో దాగుకొన్నారు.

నార్వే నుండి స్పెయిను సరిహద్దు వరకు తీరమంతా దుర్భేద్యంగా చేయాలని హిట్లరు సంకల్పించాడు. దానికి అట్లాంటిక్ గోడ అని పేరు పెట్టారు. పేరుకు గోడయే గాని అది అడుగడుగునా కట్టిన ప్రాకారం కాదు. కాంక్రీటు బంకర్లు, ఫిరంగి స్థావరాలు, ముళ్ళకంచెలు, ఇసుకలో పాతిన మందుపాతరలు, పడవల అడుగులను చీల్చడానికి నాటిన కొయ్యలు, ఉక్కు దూలాలు, ఇవన్నీ కలిసి ఆ గోడ. అరోమాంష్‌కు పడమరగా ఆరు కిలోమీటర్ల దూరంలో, లాంగ్ సుర్ మేర్ అనే ఊరిలో నాలుగు పెద్ద ఫిరంగులు సముద్రం వైపు గురిపెట్టి ఉండేవి. ఆ ఫిరంగులు నేటికీ ఆ కాంక్రీటు గూళ్ళలోనే ఉన్నాయి. తీరవాసులకు కలిగిన కష్టం ఊహించదగినదే. సముద్రపుటొడ్డున పుట్టి, సముద్రాన్ని నమ్ముకొని బ్రతికినవారికి సముద్రమే నిషిద్ధ ప్రాంతమయింది. వల వేయడానికి అనుమతి పత్రం కావాలి. పిల్లలు ఇసుకలో ఆడుకొనే వీలు లేదు. ఏ ఒడ్డున స్నానాల వలన ఆ ఊరికి పేరు వచ్చిందో ఆ ఒడ్డున అడుగు పెడితే ప్రాణాపాయం.

ఇక ఛానెల్‌కు ఆవలి ఒడ్డున మరొక ఆలోచన సాగుతున్నది. ఫ్రాన్సును విడిపించాలంటే లక్షలాది సైనికులను ఛానెల్ దాటించాలి. దాటించడం ఒక ఎత్తు, దాటినవారిని పోషించడం మరొక ఎత్తు. సైన్యానికి ప్రతిరోజూ ఆహారం, మందుగుండు, పెట్రోలు, మందులు, బండ్ల విడిభాగాలు అందుతూ ఉండాలి. అవి పెద్ద ఓడలలోనే రావాలి. పెద్ద ఓడ సరుకు దింపాలంటే లోతైన నీరు, అలల తాకిడి లేని చోటు, ఆనుకొనే గట్టు ఉండాలి. అంటే ఓడరేవు కావాలి. ఉన్న ఓడరేవులన్నిటినీ జర్మన్లు కంటికి రెప్పవలె కాపాడుకొంటున్నారు. ఆ రేవులలో ఒకదానిని నేరుగా పట్టుకొనడం సాధ్యమా అన్న ప్రశ్నకు 1942 ఆగస్టు 19న డియెప్ పట్టణంలో సమాధానం దొరికింది. ఆనాడు సుమారు ఆరు వేల మంది సైనికులు డియెప్ మీద దాడి చేశారు. వారిలో ఐదు వేల మంది కెనడా దేశపు యువకులు. కొద్ది గంటలలోనే దాడి విఫలమయింది. తొమ్మిది వందల మందికి పైగా కెనడా సైనికులు ప్రాణాలు కోల్పోయారు. దాదాపు రెండు వేల మంది బందీలయ్యారు. రేవును గెలుచుకొనలేకపోతే, రేవును వెంట తీసికొనిపోవాలన్న ఆలోచన ఆ పరాజయం తరువాత బలపడింది.

బ్రిటిష్ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ అంతకు ముందే, 1942 మే 30న, తీరంలో వాడదగిన జెట్టీల గురించి ఒక చిన్న లేఖ వ్రాసి ఉన్నాడు. అవి ఆటుపోట్లతో పాటు పైకి, క్రిందికి కదలాలని, లంగరు సమస్యకు పరిష్కారం కనుగొనాలని అందులో సూచించాడు. సమస్య అంతా ఆ రెండు మాటలలోనే ఉన్నది. నార్మండీ తీరంలో ఆటుకు, పోటుకు మధ్య నీటి మట్టంలో తేడా ఒక్కొక్కప్పుడు ఏడు మీటర్లు దాకా ఉంటుంది. అంటే ఉదయం రెండంతస్తుల మేడ మునిగేటంత నీరున్న చోట మధ్యాహ్నానికి తడి ఇసుక మాత్రమే మిగులుతుంది. అటువంటి చోట కదలని గట్టు కడితే రోజులో చాల గంటలు అది నిరుపయోగం.

రామాయణం చదివిన వారికి ఈ సందర్భంలో సేతుబంధన ఘట్టం గుర్తుకు రాక మానదు. సైన్యం ఈ ఒడ్డున, గమ్యం ఆ ఒడ్డున, నడుమ సముద్రం. విశ్వకర్మ కుమారుడైన నలుడు వానరుల సహాయంతో ఐదు రోజులలో వారధి కట్టాడని వాల్మీకి చెప్పాడు. అయితే ఒక ముఖ్యమైన భేదమున్నది. అక్కడ సముద్రుడు శ్రీరాముని శరానికి వెరచి దారి ఇచ్చాడు. ఈ ఇంజనీర్ల చేతిలో అటువంటి శరమేదీ లేదు. సముద్రం చెప్పినట్లు వారే వినవలసి వచ్చింది.

ఆ వినడంలోనే వారి నేర్పు వ్యక్తమయింది. స్కాట్లండు తీరంలో మూడు విధాలైన నమూనాలను నీటిలో వేసి పరీక్షించారు. తుపాను గాలులకు తట్టుకొని నిలిచినది యువ ఇంజనీరు అలన్ బెకెట్ రూపొందించిన తేలే రహదారి. అందులో ఉక్కు వంతెన ముక్కలను పంటుల మీద వరుసగా పరిచారు. గోదావరి రేవులలో బండ్లను, మనుషులను దాటించే పంటులను చూచినవారికి ఈ ఏర్పాటు సులభంగా అర్థమవుతుంది. ఒక పంటు అల మీదికి లేచి, పక్కది అల క్రిందికి దిగితే, వాటి మీది ఇనుప రహదారి మెలిదిరుగుతుంది. బిగువుగా కడితే విరుగుతుంది. అందువలన మెలిక పడినా విరగకుండా, అతుకుల వద్ద వంగేటట్లు దానిని కట్టారు. లంగరు సమస్యకు కూడ బెకెట్టే పరిష్కారం చూపాడు. ఆయన చేసిన లంగరును ఎంత గట్టిగా లాగితే అంత లోతుగా అది ఇసుకలోకి దిగబడుతుంది. రహదారి చివర, లోతు నీటిలో, ఓడలు ఆనుకొనే వేదికలు ఉండేవి. వాటి నాలుగు మూలల ఉన్న ఉక్కు కాళ్ళు సముద్రపుటడుగున నిలిస్తే, వేదిక ఆ కాళ్ళ వెంబడి నీటితో పాటు పైకీ క్రిందికీ కదిలేది.

వీటన్నిటికీ అలల తాకిడి నుండి రక్షణ కావాలి. దానికోసం కట్టినవే ఆ నల్లని దిమ్మెలు. అవి గట్టి రాళ్ళు కావు, లోపల బోలుగా ఉన్న కాంక్రీటు పెట్టెలు. వాటికి ఫీనిక్స్ అని రహస్యనామం పెట్టారు. అన్నిటికంటె పెద్దది అరవై మీటర్ల పొడవు, పద్దెనిమిది మీటర్ల ఎత్తు, ఆరు వేల టన్నుల బరువు. అంటే ఆరంతస్తుల భవనాన్ని నీటి మీద తేల్చి, పడవలకు కట్టి లాగుకొనిపోయినట్లు. మొత్తం రేవుకు పెట్టిన మారుపేరు మల్బరీ. పట్టుపురుగుల మేతకు పెంచే చెట్టు పేరును ఓడరేవుకు పెట్టడంలో అర్థమేమీ లేదు. అర్థం లేకపోవడమే ఆ పేరు ప్రయోజనం. 1943 చివరి నుండి 1944 వసంతం వరకు థేమ్స్ నది ఒడ్డున, ఇంగ్లండు దక్షిణ తీరాన వేలాది కూలీలు, మేస్త్రులు, వడ్రంగులు రాత్రింబవళ్ళు శ్రమించి ఆ పెట్టెలను పోతపోశారు. తాము చేస్తున్నది ఏమిటో వారిలో అధిక సంఖ్యాకులకు తెలియదు. సేతుబంధనంలో ఉడుతకైనా తన ఇసుక రేణువులు ఎక్కడికి చేరుతున్నాయో తెలుసు. వీరికి ఆ తృప్తి కూడ యుద్ధం ముగిసిన తరువాతనే దక్కింది.

1944 జూన్ 6వ తేదీ ఉదయం మిత్రరాజ్యాల సైన్యాలు నార్మండీ తీరంలో ఐదు చోట్ల దిగాయి. అరోమాంష్ ఉన్న భాగానికి గోల్డ్ అని మారుపేరు. విచిత్రమేమిటంటే ఆ రోజు అరోమాంష్ ఇసుక మీద ఒక్క సైనికుడు కూడ సముద్రం నుండి నేరుగా దిగలేదు. రేవుకు ఎన్నుకొన్న చోటు కనుక అక్కడ ధ్వంసమైన పడవలు, ట్యాంకులు అడ్డుపడకూడదని తూర్పున ఉన్న అనెల్ వద్ద దిగారు. అక్కడి జర్మన్ స్థావరం సాయంకాలం వరకు లొంగలేదు. దానిని జయించిన తరువాత బ్రిటిష్ హాంప్‌షైర్ దళం తీరం వెంబడి పడమరకు నడచి, ఆ రోజు పొద్దు క్రుంకే వేళకు అరోమాంష్‌ను చేరి విడిపించింది. ఊరు పెద్దగా దెబ్బతినలేదు. ఒక సైనిక వ్యూహంలో ఆ ఇసుక వేరొక పనికి అవసరం కావడం ఆ ఊరి అదృష్టమయింది.

మరునాటి నుండి ఆ తీరం రూపు మారిపోయింది. పాత ఓడలను కొన్నిటిని తెచ్చి, వరుసగా నిలిపి, బుద్ధిపూర్వకంగా ముంచారు. జూన్ 9 వేకువ జామున మొదటి ఫీనిక్సు పెట్టెలోనికి నీరు వదిలి అడుగుకు దింపారు. ఆ విధంగా వందకు పైగా పెట్టెలు ఎనిమిది కిలోమీటర్ల పొడవున అర్ధచంద్రాకారంలో నిలిచాయి. లోపలి నీరు చెరువువలె నెమ్మదించింది. ఇక్కడికి పడమరన, అమెరికన్ సైన్యం దిగిన ఒమాహా తీరంలో కూడ ఇటువంటి రేవే మరొకటి లేచింది.

జూన్ 19న ఈశాన్యం నుండి పెనుగాలి లేచింది. నలభై సంవత్సరాలలో జూన్ నెలలో అంతటి తుపాను ఆ తీరంలో ఎవరూ చూడలేదంటారు. మూడు రోజులు ఎడతెగకుండా వీచింది. సుమారు ఎనిమిది వందల నౌకలు, పడవలు ఒడ్డుకు కొట్టుకొని వచ్చి పడ్డాయి. ఒమాహాలోని రేవు పనికిరానంతగా విరిగిపోయింది. అక్కడి వారు దానిని విడిచిపెట్టవలసి వచ్చింది. అరోమాంష్ రేవు దెబ్బలు తిన్నది గాని నిలబడింది. తీరానికి ఎదురుగా సముద్రంలో దాగి ఉన్న రాతిమెట్ట అలల వేగాన్ని కొంత తగ్గించడం ఒక కారణం. ఇక్కడ పనులు నిదానంగా, లంగర్లు పూర్తిగా దించి చేయడం మరొక కారణమని కొందరి అభిప్రాయం. ఒమాహాలో మిగిలిన ముక్కలను తెచ్చి దీనికి అతుకు వేశారు. అప్పటి నుండి ఆ చిన్న ఊరి వీధులు సముద్రంలోనికి సాగిపోయాయి. నిన్నటి దాకా అరడజను చేపల పడవలను చూచిన చోట పెద్ద ఓడలు వరుసకట్టాయి. ట్యాంకులు, లారీలు, అంబులెన్సులు తేలే రహదారి మీదుగా ఊరిలోనికి వచ్చి, ఇరుకు వీధుల గుండా బాయూ పట్టణం వైపు పోయేవి. ఎదురు దిశలో గాయపడినవారిని తీసికొని వెళ్ళేవారు.

ఈ రేవు లేకపోతే నార్మండీ విజయమే లేదని చాలకాలం వ్రాశారు. ఆ మాటను కొంత తగ్గించుకొనక తప్పదు. రేవు పోగొట్టుకొన్న ఒమాహా తీరంలో అమెరికన్లు చదునైన అడుగు గల ఓడలను ఆటు వేళకు ఇసుక మీదనే నిలిపి, సరుకు దింపి, పోటు రాగానే తిరిగి తేల్చుకొనిపోయారు. అలా దింపిన సరుకు ఎవరూ ఊహించనంతగా పెరిగింది. అందుచేత రేవు కోసం వెచ్చించిన శ్రమ, ధనం, ఉక్కు అంతటికీ తగిన ఫలితం దక్కిందా అని చరిత్రకారులు నేటికీ వాదించుకొంటున్నారు. అయితే దాడికి ముందు నాయకులకు ఆ సంగతి తెలియదు. అలలకు తట్టుకొనే రేవు ఒకటి తమ వెంట వస్తున్నదన్న ధైర్యం లేకపోతే, ఓడరేవు లేని నార్మండీ తీరాన్ని వారు ఎన్నుకొనేవారే కారేమో. షెర్‌బూర్ రేవు జూన్ చివర చిక్కినా, జర్మన్లు దానిని ముందే ధ్వంసం చేసిపెట్టారు. బెల్జియంలోని యాంట్‌వెర్ప్ రేవు నవంబరు చివరి దాకా ఓడలకు తెరుచుకోలేదు. ఆ తరువాత అరోమాంష్ రేవుతో పెద్దగా అవసరం లేకపోయింది.

అరోమాంష్‌కు పది కిలోమీటర్ల దూరంలో బాయూ ఉన్నది. 1066లో నార్మండీ ప్రభువు విలియం ఇదే ఛానెల్ దాటి ఇంగ్లండును జయించిన కథను డెబ్బయి మీటర్ల పొడవైన నారబట్ట మీద ఊలు దారాలతో కుట్టిన చిత్రపటం వలన ఆ పట్టణం ప్రసిద్ధికెక్కింది. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ తరువాత ఇంగ్లండు సైన్యం ఎదురు దిశలో దాటి, జూన్ 7న బాయూను చెక్కుచెదరకుండా విడిపించింది. అక్కడి యుద్ధ శ్మశానంలో 4,648 సమాధులున్నాయి. వాటిలో 466 జర్మన్ సైనికులవి. పరస్పరం చంపుకొన్నవారికి ఒకే పచ్చిక మీద చోటు దొరికింది.

అదృష్టం అందరికీ సమంగా పంచబడలేదు. బాయూకు ముప్పయి కిలోమీటర్లలోపే ఉన్న కాన్ నగరం ఆరు వారాల పోరాటంలో, మిత్రపక్షపు బాంబుల వర్షంలో నేలమట్టమయింది. సాఁ లో పట్టణంలో నిలిచిన గోడలను లెక్కపెట్టవచ్చు. సెప్టెంబరులో లె ఆవ్ర్ నగరం మీద వేసిన బాంబులకు సుమారు రెండు వేల మంది పౌరులు చనిపోయారు. మొత్తం నార్మండీలో ఆ వేసవిలో మరణించిన సాధారణ పౌరులు సుమారు ఇరవై వేలమంది అని అంచనా. వారిలో అత్యధికులను చంపినవి తమను విడిపించడానికి వచ్చిన విమానాలు వేసిన బాంబులే. విముక్తి దినాన ఇంట శవాన్ని ఉంచుకొన్న తల్లి, వీధిలో జెండాలు ఎగురవేస్తున్న వారితో ఏమని చెప్పగలదు? కృతజ్ఞత చూపవలసిన చోట దుఃఖం వెళ్ళబోసుకోవడం తప్పని ఎందరో దశాబ్దాల పాటు మౌనంగా ఉండిపోయారు. విజయోత్సవాలలో సైనికుల పేర్లు చదివారు, పౌరులను చాలకాలం తలచలేదు. 2014 జూన్ 6న ఫ్రాన్సు అధ్యక్షుడు ఫ్రాన్స్వా ఒలాండ్ కాన్ నగరంలో ఆ పౌరులకు దేశం తరఫున నివాళి అర్పించాడు. అప్పటికి డెబ్బయి సంవత్సరాలు గడిచాయి. అరోమాంష్ రేవులో దిగిన పెట్రోలు, ఫిరంగి గుండ్లు ఎక్కడికి పోయాయో ఆలోచించినవారికి ఆ నల్లని దిమ్మెలను వట్టి ఇంజనీరింగు అద్భుతంగా చూడడం కష్టమవుతుంది.

యుద్ధం ముగిసిన తరువాత రేవు భాగాలు నలుదిక్కులకూ చెదిరిపోయాయి. తేలే రహదారి ముక్కలను ఫ్రాన్సులో కూలిపోయిన వంతెనల స్థానంలో అమర్చారు. ఫీనిక్సు పెట్టెలలో కొన్నిటి చరిత్ర మరీ ఆశ్చర్యకరం. 1953 ఫిబ్రవరి 1న ఉత్తర సముద్రం ఉప్పెనగా పొంగి నెదర్లాండ్స్ దేశంలోని పల్లపు దీవులను ముంచివేసింది. ఆ దేశంలో 1,836 మంది మరణించారు. తెగిన గట్లను పూడ్చడం నెలల తరబడి సాగింది. ఔవెర్‌కెర్క్ అనే ఊరి వద్ద మిగిలిన ఆఖరి గండిని ఆ నవంబరులో నాలుగు ఫీనిక్సు పెట్టెలను దించి మూసివేశారు. ఆ పెట్టెలలోనే నేడు ఉప్పెన జ్ఞాపకాల ప్రదర్శనశాల నడుస్తున్నది. యుద్ధం కోసం పోసిన కాంక్రీటుకు అంతకంటె మంచి గతి పట్టి ఉంటుందని అనుకోలేము.

అరోమాంష్‌లో మిగిలినవి పాత ఇనుము వ్యాపారుల పాలు కాకుండా ఆపినవారిలో ముఖ్యుడు రేమోఁ త్రిబూలే. బాయూ విముక్తి పొందిన వెంటనే ఆ ప్రాంతపు పరిపాలనాధికారిగా నియమితుడైన ఆయన, ఈ తీరం స్మృతిని కాపాడాలని పట్టుబట్టాడు. 1947 మే 21న దానికోసం ఫ్రాన్సు ఒక శాసనం చేసింది. 1954 జూన్ 5న, అప్పటి అధ్యక్షుడు రెనే కోటీ చేతుల మీదుగా, అరోమాంష్ సముద్రపుటొడ్డున ప్రదర్శనశాల ప్రారంభమయింది. రేవు నమూనాలను లోపల చూచి, కిటికీలో నుండి అసలు రేవు శిథిలాలను చూడగలగడం దాని విశేషం. పాత భవనం స్థానంలో 2023లో కొత్త భవనం వచ్చింది. అలన్ బెకెట్ స్మారకం కూడ ఆ ఊరిలోనే ఉన్నది. స్నానాల కోసం వచ్చే అతిథుల మీద బ్రతికిన ఊరు ఇప్పుడు జ్ఞాపకాల కోసం వచ్చే అతిథుల మీద బ్రతుకుతున్నది. ఐదు వందల మంది ఉన్న చోటికి ఏటా లక్షలాది సందర్శకులు వస్తారు. దుకాణాలలో బొమ్మ ట్యాంకులు, హెల్మెట్లు అమ్ముతారు. దీనిని చూచి ముఖం చిట్లించేవారు ఉన్నారు గాని, ఊరివారిని తప్పుపట్టడం న్యాయం కాదు. శిథిలాలను వారు కోరి తెచ్చుకోలేదు. వాటి మధ్య ఇల్లు గడుపుకొనవలసిన బాధ్యత మాత్రం వారిదే.

పూర్వం ప్రతి జూన్ 6వ తేదీకి బ్రిటన్ నుండి ఆనాటి సైనికులు గుంపులుగా అరోమాంష్ వచ్చేవారు. ఛాతీ మీద పతకాలు ధరించి ఊరి కూడలిలో కవాతు చేసేవారు. బడిపిల్లలు వారి చేతులు పట్టుకొని నడిచేవారు. ఏటేటా ఆ వరుస పలచబడింది. వయోభారం వలన నార్మండీ సైనికుల సంఘం 2014లో తన పని ముగించుకొన్నది. 2021 జూన్ 6న, సమీపంలోని వేర్ సుర్ మేర్ గ్రామం వద్ద కొండ మీద బ్రిటన్ ఒక స్మారక కట్టడాన్ని ఆవిష్కరించింది. బ్రిటిష్ సేనల కింద పోరాడి ఆ వేసవిలో నార్మండీలో మరణించిన 22,442 మంది పేర్లు అక్కడి రాతి స్తంభాల మీద చెక్కారు.

రాతిమీది పేర్లు నిలుస్తాయి గాని సముద్రంలోని దిమ్మెల సంగతి వేరు. ఉప్పునీరు కాంక్రీటు లోపలికి దిగి, ఉక్కు కడ్డీలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఉక్కు ఉబ్బి కాంక్రీటును పగులగొడుతుంది. పగులులోనికి మళ్ళీ ఉప్పునీరు దూరుతుంది. ప్రతి శీతకాలపు తుపానుకు ఏదో ఒక పెట్టె మరికొంత ఒరుగుతుంది. 2014లో ఫ్రాన్సు ఈ తీరాలను యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు కోసం తన ప్రతిపాదిత జాబితాలో చేర్చింది. కాని కాగితం మీది గుర్తింపు అలలను ఆపలేదు. దిమ్మెలను బాగుచేసి నిలపాలని కొందరు, కొద్ది నెలల కోసం కట్టినదానిని ఇక సముద్రానికే విడిచిపెట్టాలని కొందరు అంటారు. బాగుచేస్తే కొత్త కాంక్రీటే కంటికి కనబడుతుంది, చేయకపోతే ఏదో ఒకనాడు కనబడడానికే ఏమీ ఉండదు.

వాదం ఎటూ తెగకుండానే రోజుకు రెండుసార్లు నీరు వెనుకకు పోతున్నది. అప్పుడు సందర్శకులు చెప్పులు చేతబట్టుకొని, తడి ఇసుక మీదుగా దగ్గరలోని పంటుల దాకా నడిచి వెళతారు. వాటి గోడలకు ఆల్చిప్పలు, నత్తలు గుత్తులుగా పట్టుకొని ఉంటాయి. లోపలి గుంటలలో నిలిచిన నీటిలో పిల్లలు చిన్న వలలతో పీతల కోసం వెదుకుతారు. పోటు తిరుగుముఖం పట్టి, పాదాలకు నీరు తగులుతుండగా పెద్దవాళ్ళు వారిని పేరు పెట్టి పిలుస్తారు. మరికొన్ని గంటలకు, వారు నడచిన చోట మనిషి మునిగే లోతు నీరుంటుంది.